కారు అమ్మేద్దామా, ఉంచుకుందామా?

ప్రశ్న:
మా కారుకు ఎనిమిదేళ్లు. లోను ఎప్పుడో తీరింది. నేను ఇంటి నుంచే పని చేస్తుండటంతో బండి కదిలేది తక్కువ. ఇన్సూరెన్స్ రెన్యువల్ దగ్గరకొచ్చింది, ఈలోపు బ్యాటరీ మళ్లీ పడుకుంది. అమ్మేసి బస్సు, క్యాబ్‌లతో గడిపేద్దామంటాను నేను. "అర్ధరాత్రి మామయ్యగారికి ఏమైనా అయితే?" అంటుంది మా ఆవిడ. నాన్న చేతికర్రతో నడుస్తారు. కారు వదిలేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు 1:
ఎనిమిదేళ్ల బండికి పడాల్సిన రేటు చాలావరకు పడిపోయే ఉంటుంది. కొత్త కారు కొనకపోతే మిగిలేంత, పాతది అమ్మితే మిగలదు. ఉంచుకోండి.

జవాబు 2:
పై మాట సగమే నిజం. రేటు పడటం తగ్గినా రిపేర్లు పెరుగుతాయి కదా. నేను కారు అమ్మేసి చాలా కాలమైంది. బండి ఆపి ఉంచినా అలారం, లాకింగ్ కాస్త కాస్తగా కరెంటు లాగుతూనే ఉంటాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీ డిశ్చార్జై అలాగే ఉండిపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, మళ్లీ ఛార్జింగ్ సరిగా పట్టదు. ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచితే తేరుకోదు. నడపకపోయినా టైరు రబ్బరుకు వయసు మీద పడుతుంది. టైరు పక్కన DOT అని మొదలయ్యే కోడ్ ఉంటుంది, దాని చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్స్ ఒకేసారి మీద పడబోతుంటే, అమ్మడానికి అదే అదను. ఆ డబ్బు పెట్టాక అమ్మబుద్ధి కాదు.

అర్ధరాత్రి సంగతంటారా, గుండెనొప్పి లాంటిదైతే సొంత కారున్నా అంబులెన్సే పిలవాలి. స్టీరింగ్ పట్టుకున్న మనిషి పేషెంటును చూసుకోలేడు. అంబులెన్సులో దారిలోనే వైద్యం మొదలవుతుంది.

జవాబు 3:
అంబులెన్స్ సరే, చెకప్‌ల మాటేమిటి? మా అమ్మది వీల్‌చైర్. వచ్చిన క్యాబ్ డిక్కీలో అది పట్టక, ఇంకో బండి కోసం వానలో నిలబడ్డాం. అందుకే మేం కారు అమ్మలేదు, అమ్మం కూడా.

ప్రశ్న అడిగినవారు:
టైర్లు చూశాను, 1617. మార్చాల్సిందే. నాన్న క్యాబ్ ఎక్కడం, దిగడం ఈసారి చెకప్‌కే చూస్తాం. రెన్యువల్ ఆ తర్వాతే. ఊరెళ్లాల్సి వస్తే అద్దె కారంటున్నారు, గీత పడితే ఎంతవరకు మన నెత్తిన వేస్తారు?

జవాబు 2:
అగ్రిమెంటులో మన వాటా ఎంతో రాసి ఉంటుంది. తాళం తీసుకునే ముందే బండి చుట్టూ వీడియో తీసుకోండి, టైర్లు, అద్దాలతో సహా.