టైమ్‌షీటు రాసే పని ఏఐ అసిస్టెంటుకు అప్పగించవచ్చా?

బ్రాడీపేట ఆడిటరు:
గుంటూరులో మాది ఆరుగురు పనిచేసే ఆడిట్ ఆఫీసు. గంటల లెక్కన బిల్లు వేస్తాం కనుక, ఎవరు ఏ పనికి ఎన్ని గంటలు పెట్టారో నమోదు చేసే క్లాకిఫై అనే సాఫ్ట్‌వేరు వాడుతున్నాం. దానిని ఎంసీపీ సర్వరు (ఏఐని ఇతర సాఫ్ట్‌వేర్లతో కలిపే వంతెన) ద్వారా ఏఐ అసిస్టెంటుకు కలిపి, సాయంత్రం క్యాలెండరూ మెయిళ్లూ చూసి అందరి ఎంట్రీలూ అదే వేసేలా చేయాలనుకుంటున్నాను. అభ్యంతరాలుంటే చెప్పగలరు.

పటమట ప్రోగ్రామరు:
చదవనివ్వండి, రాయనివ్వకండి. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన ఎంసీపీ కలిపే పద్ధతి మాత్రమే. ఏ పనులకు అనుమతి ఉండాలో సర్వరు పెట్టుకునేవారే చూసుకోవాలి. ఏపీఐ కీ (వేరే సాఫ్ట్‌వేరును మన ఖాతాలోకి అనుమతించే రహస్య సంకేతం) ఎవరిదైతే వారి అధికారంతోనే అది పనిచేస్తుంది.

బ్రాడీపేట ఆడిటరు:
మొన్న మావాళ్లలో ఒకరు ఎనిమిది గంటలకూ కలిపి ‘జనరల్’ అని రాశారు. దానికన్నా ఇది నయం కాదా?

కాలువగట్టు:
‘జనరల్’ అని రాయని ఆఫీసు బెజవాడలో ఉంటే చూపించండి.

పటమట ప్రోగ్రామరు:
నా ఖాతాలో ప్రయత్నించే చెబుతున్నాను. క్లాకిఫై ఏపీఐకి సమయం యూటీసీలో (మన గడియారానికి ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) పంపాలి. అసిస్టెంటు మన గడియారం వేళనే పంపడంతో పదింటికి మొదలుపెట్టిన పని మధ్యాహ్నం మూడున్నరకు పడింది. పైగా ఫోనులో రద్దయిన సమావేశం క్యాలెండరులో అలాగే ఉండిపోయినందువల్ల, నేను వేరే క్లయింటుకు చేసిన రెండు గంటలు ఆ సమావేశం ఖాతాలోకి వెళ్లాయి.

బ్రాడీపేట ఆడిటరు:
టైమ్‌జోను ఒకసారి సరిచేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతం దేనికి?

మాజీ ఆర్టికల్:
విజయవాడలో నేను ఆర్టికల్‌షిప్ (సీఏ శిక్షణ) చేసిన చోట, గడువు రోజైన 20వ తేదీన జీఎస్టీఆర్-3బి (నెలవారీ జీఎస్టీ రిటర్ను) వేయడానికి పోర్టలు తెరుచుకోక గంటన్నర కూర్చుంటే, ఆ సమయాన్ని అక్కడి ఆడిటరు ‘ఖాళీ’ అని దిద్ది అందరి ముందూ మందలించారు. దిద్దింది మనిషి కనుక కనీసం అడగగలిగాను.

బ్రాడీపేట ఆడిటరు:
నేనెవరినీ అలా అనలేదు. ఆయనతో నన్ను జతకట్టకండి.

పటమట ప్రోగ్రామరు:
ఆవేశం వద్దండీ. ఆరుగురి ఎంట్రీలూ ఎవరి కీతో వేయిస్తారు?

బ్రాడీపేట ఆడిటరు:
నా కీతోనే. మెయిళ్లు ఆఫీసువి, క్లయింటుకు జవాబు చెప్పాల్సింది నేను.

మాజీ ఆర్టికల్:
మెయిళ్లు మీవే కావచ్చు, పోర్టలు ముందు కూర్చున్న గంటన్నర మాత్రం నాదండీ. అది పనో కాదో ముందు నేను చెప్పాలి. అసిస్టెంటు తయారుచేసిన ముసాయిదా ఎవరిది వారికే పంపితే, దిద్దుకుని తమ కీతో ఎక్కిస్తారు.

బ్రాడీపేట ఆడిటరు:
అలాగైతే రోజూ సాయంత్రం ఆరుగురినీ మళ్లీ కూర్చోబెట్టాల్సిందే, ఇక ఇదంతా ఎందుకు? ముందు నా ఒక్కడి ఎంట్రీలతో నెల రోజులు చూస్తాను. మీ మాట ఒప్పుకున్నానని మాత్రం అనుకోకండి.

కాలువగట్టు:
ఆ నెలలో 20వ తేదీ కూడా ఉండేలా చూసుకోండి.