లిఫ్ట్ చేసిన థార్‌లో అమ్మను, పాపను తీసుకుని వంజంగి వెళ్లొచ్చా?

ప్రశ్న (మధురవాడ నుంచి)
నాది 2021 మహీంద్రా థార్, డీజిల్, హార్డ్‌టాప్ (గట్టి పైకప్పు ఉన్నది). రెండు అంగుళాల లిఫ్ట్ (సస్పెన్షన్ మార్చి బండి ఎత్తు పెంచడం), ఏటీ టైర్లు (తారుకూ మట్టికీ పనికొచ్చేవి), పైన క్యారియర్ వేయించాను. ఇప్పటిదాకా ఫ్రెండ్స్‌తోనే మట్టి దారుల్లో తిరిగాను. డిసెంబర్‌లో మా ఆవిడ, ఆరేళ్ల పాప, అమ్మతో పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాలు చూడాలని ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పాపకు ఘాట్ ఎక్కితే వాంతులు. వాళ్లు వెనక సీట్లో ఉంటారంటే టెన్షన్‌గా ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు 1
లిఫ్ట్ గురించి ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పారా? బండిలో చేయించే మార్పుల గురించి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒకసారి చదవండి. బంపర్ ముందు ఇనప బుల్ బార్ (అడ్డకమ్మీ) ఉంటే పీకించేయండి. ఎయిర్‌బ్యాగులు సరిగ్గా పనిచేయకపోవచ్చు.

జవాబు 2 (గాజువాక నుంచి)
తమ్ముడూ, ముందు అమ్మగారి సంగతి. మూడు డోర్ల థార్‌లో వెనక్కి వెళ్లాలంటే ముందు సీటు మడిచి ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది నరకం. ఆవిణ్ని ముందు కూర్చోబెట్టు. వెనక అద్దాలు దిగవు కాబట్టి పాప కోసం ఏసీ గట్టిగా పెట్టు, బయల్దేరే ముందు కడుపు నిండా పెట్టకండి. పాపకు బూస్టర్ సీటు, బెల్టు తప్పనిసరి. మట్టి దారిలో పక్కలకు ఊగినప్పుడు తల అద్దానికి తగులుతుంది.

నాకు అసలు భయం ఆ క్యారియర్ మీదే. డిక్కీలో చోటుండదు కాబట్టి అందరూ సామానంతా పైకెక్కిస్తారు. లిఫ్ట్‌తో బండి ఇప్పటికే ఎత్తు పెరిగింది. పైన నీళ్ల క్యాన్లు, టెంటు పెట్టి పక్కకు వాలు ఉన్న దారిలో వెళ్తే బోల్తా పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. బరువైనవన్నీ వెనక సీటు కింద, డిక్కీలో కట్టు. పైన దుప్పట్లు తప్ప ఏమీ వద్దు.

మట్టిలో దిగే ముందు టైర్లలో గాలి 20 పీఎస్‌ఐకి తగ్గించు, తారు రోడ్డెక్కే ముందు మళ్లీ కొట్టు. చిన్న కంప్రెసర్ కొనుక్కో. నిటారు దిగుడులో 4ఎల్ (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా తిరిగే లో గేరు), ఫస్ట్ గేరు వేసి ఇంజిన్‌నే బండిని ఆపనివ్వు. బ్రేకు మీద కాలు వేసి ఉంచకు. దిగబడితే తాడు ఛాసిస్‌కు బిగించిన హుక్కుకే వేయాలి. తాడు లాగుతున్నంతసేపూ పాపను, ఆడవాళ్లను దూరంగా నిలబెట్టు. తాడు తెగితే మనిషి ప్రాణం పోతుంది. తోడుగా ఇంకో ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి) లేకుండా ఒక్క బండితో కుటుంబాన్ని తీసుకెళ్లకు.

ప్రశ్న వేసినాయన
చాలా థ్యాంక్స్ అన్నా. ముందు భీమిలి ఇసుకలో ప్రాక్టీస్ చేద్దామా?

జవాబు 2
వద్దు. మన తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం దగ్గర పడుతోంది. ఎర్రమట్టి దిబ్బల వైపు కూడా టైరు పెట్టకండి, ఒకసారి చెదిరితే ఆ దిబ్బలు తిరిగి రావు. ఉప్పునీరు బండి అడుగుభాగాన్ని కూడా తినేస్తుంది.

జవాబు 3 (పాడేరు నుంచి)
వంజంగిలో చివర నడక తప్పదండి. అమ్మగారి కోసం అరకు పెట్టుకోండి. విశాఖ నుంచి కిరండూల్ రైల్లో విస్టాడోమ్ బోగీ (పెద్ద అద్దాలు, అద్దాల పైకప్పు ఉన్నది) ఉంది, బొర్రా సొరంగాల మీదుగా హాయిగా వస్తారు. మీరు బండిలో వచ్చి స్టేషన్‌లో కలవండి.

ప్రశ్న వేసినాయన
అమ్మతో మాట్లాడాను, రైలే కావాలంది. క్యారియర్ రేపే దింపించేస్తా. పాడేరు వైపు ఇంకో బండి ఉన్నవాళ్లెవరైనా తోడు వస్తారా?