మందు మానేసి ఐదు నెలలు: దసరాకి ఊరెళ్లాలా, వద్దా?

పాలపిట్ట: 2025లో దసరా అక్టోబర్ 2న, గాంధీ జయంతి రోజే పడింది కదా. అప్పటికి నేను మానేసి రెండు నెలలు. వైన్స్ బంద్, ఇంకేం భయం అని ఊరెళ్లా. మా బావ ముందురోజే మందు కాటన్ తెచ్చి బియ్యం డ్రమ్ము వెనక పెట్టాడని నాకేం తెలుసు? జమ్మి పెట్టి వచ్చేసరికి అరుగు మీద గ్లాసులు. అంతే, మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి ఐదు నెలలయింది. అమ్మ రోజూ ఫోన్. ఏం చేయాలి?

నాలుగోగల్లీ: వెళ్లకు తమ్ముడూ. అమ్మ నాలుగు రోజులు అలుగుతుంది, తర్వాత తనే ఫోన్ చేస్తుంది.

ఆఖరిబస్సు: నేనొప్పుకోను. ఎన్ని పండగలు దాక్కుంటాడు? నేను పొద్దున వెళ్లి, మటన్ తిని, పెద్దవాళ్లకి జమ్మి పెట్టి, చీకటి పడేలోపు సొంత బండి మీద బయటపడతా. చేతిలో ఎప్పుడూ సోడా గ్లాసు ఉండాలి, ఖాళీ చెయ్యి కనిపిస్తే మన తెలంగాణలో ఊరుకోరు. వదినకి ఒక్కదానికే ముందే చెప్పా, ఎవరైనా బలవంతపెడితే ఆమే పని ఉందని లోపలికి పిలుస్తుంది.

తాటివనం: మందు వద్దు సరే, చెట్టు మీంచి దించిన కల్లు ఒక్క ముంతకి ఏమైతది?

ఆఖరిబస్సు: ఏమైతదా? కల్లులో ఉన్నదీ ఆల్కహాలే. అతను మందు మాన్పించడానికి డాక్టర్లిచ్చే డైసల్ఫిరామ్ మాత్ర వాడుతుంటే ఆ ఒక్క ముంతకే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడతో ఆసుపత్రిలో పడతాడు. మాత్ర ఆపినా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. ఇలాంటి సలహాలివ్వకు అన్నా.

ఇంటామె: అందరూ ఆయన గురించే రాస్తున్నారు. మా ఆయన మానేసిన ఏడాది పండగంతా నాకు పోలీసు డ్యూటీనే, బాత్రూంకి వెళ్లొచ్చినా వాసన చూసేదాన్ని, అత్తగారేమో "వాడి నోరు కట్టేశావు" అని నన్నే అనేది. వెళ్తే వెళ్లండి, కానీ కాపలా పని భార్య మీద వేయకండి. మనసు లాగినప్పుడు 14416కి చేయండి, టెలిమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పాలపిట్ట: అక్కా, ఆ మాట నాకు తగిలింది, మా ఆవిడా అదే అంటుంది. యాటలో నా పోగు డబ్బులు బావకి పంపేశా. అమ్మనే ఇక్కడికి రమ్మన్నా. "మరి కోళ్లకి గింజలెవరేస్తారు?" అంది. ఇంకా బతిమాలుతున్నా.