మాష్ టన్ 5 గాలన్లదా, 10 గాలన్లదా?

ప్రశ్న (న్యూజెర్సీ)
అందరికీ నమస్తే. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నుంచి ముందే తీసి అమ్మే ఎక్స్‌ట్రాక్ట్ డబ్బాలతో ఇంట్లో నాలుగుసార్లు బీరు చేశాను, తాగినవాళ్లెవరూ తిట్టలేదు. ఇప్పుడు నేరుగా బార్లీ మాల్ట్ నానబెట్టి చేద్దామని ఉంది. వాటర్ కూలర్‌కి (నీళ్ల వేడి, చల్లదనం నిలిపే డ్రమ్ము) అడుగున జల్లెడ, పక్కన కుళాయి బిగించి మాష్ టన్‌గా, అంటే మాల్ట్‌ని వేడినీళ్లలో నానబెట్టి రసం వడకట్టే పాత్రగా వాడుకుంటా. చేసేది ఎప్పుడూ 5 గాలన్ల బీరే కదా, 5 గాలన్ల కూలర్ సరిపోదా? 10 గాలన్లది తెస్తే గరాజ్‌లో ఎక్కడ పెడతావని ఇంట్లో ఇప్పటికే ఒక రౌండ్ అయింది.

డాలస్ నుంచి
బ్రదర్, టన్ సైజుకి బీరు ఎంతన్నది కాదు, గింజలు ఎన్ని పౌండ్లన్నది చూడాలి. పౌండు మాల్ట్‌కి మామూలుగా 1.25 క్వార్టుల (క్వార్టు అంటే పావు గాలన్) నీళ్లు పోస్తాం. గింజలు ఆక్రమించే చోటు పౌండుకి ఇంకో 0.08 గాలన్. రెండూ కలిపి పౌండుకి 0.4 గాలన్ వేసుకోండి. 10 పౌండ్ల మాల్ట్‌తో చేసే పేల్ ఏల్‌కి (లేత రంగు బీరు) 4 గాలన్లు, హాయిగా పడుతుంది. 12 పౌండ్లకి 4.8, అంటే అంచు దాకా. గట్టి స్టౌట్ (నల్లటి బీరు) చేద్దామని 16 పౌండ్లు తీశారో, 6.4 గాలన్లు. ఇక కలపడానికి చోటేది? పులిహోరని అన్నం సరిగ్గా పట్టే గిన్నెలో ఎవరూ కలపరు, బేసిన్ తీస్తారు.

నేను మొదట 5 గాలన్లదే కొన్నాను. ఒకసారి 14 పౌండ్లకి లెక్కగట్టి నీళ్లన్నీ ముందే పోసేశా. గింజలు పోస్తూ ఉంటే, ఇంకా నాలుగైదు పౌండ్లు సంచిలో ఉండగానే అంచుకొచ్చేసింది. కంగారులో రైస్ కుక్కర్ గిన్నెతో తోడాను. నేలంతా జిగట, మర్నాటికి చీమలు. తర్వాత తెలిసింది, పౌండుకి 1 క్వార్టు చొప్పున చిక్కగా కలిపి ఉంటే 4.6 గాలన్లలో పట్టేసేదని. చిన్న టన్‌తో ఇరుక్కుంటే అదో దారి. కానీ కొనేటప్పుడే 10 గాలన్లది కొనండి.

సియాటిల్ నుంచి
డాలస్ ఆయన లెక్క కరెక్టే, సలహాతో మాత్రం పూర్తిగా ఒప్పుకోను. పెద్ద టన్‌లో 5 పౌండ్లు వేస్తే 2 గాలన్లే అవుతుంది. పైన అంతా ఖాళీ, వేడి ఆ ఖాళీలోకి పోతుంది. గింజల మట్టం పలచగా ఉంటే వడకట్టడం కూడా సరిగ్గా సాగదు. ఎప్పుడూ 10 పౌండ్ల లోపే చేసేవారికి 5 గాలన్లదే మేలు. పెద్దది కొంటే ముందు వేడినీళ్లు పోసి కాసేపు ఉంచి పారబోయండి, గింజల మీద అల్యూమినియం ఫాయిల్ పరవండి. మాల్ట్ నానే వేడి 152 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గంటసేపు నిలవాలంటే నీళ్లు 165 దగ్గర పోయాలి, అదీ గింజలు గది వేడిలో ఉంటే. గింజలు ఒక్కసారి కుమ్మరించకండి. ఉప్మాకి రవ్వ పోసినట్టు కలుపుతూ పోయాలి, లేకపోతే ఉండలు కడతాయి.

అన్నట్టు, మీరు మరిగించే గిన్నె ఎంతది?

ప్రశ్న అడిగినవారు
5 గాలన్లదండి. ఎక్స్‌ట్రాక్ట్‌కి 3 గాలన్లు కాచి, మిగతా నీళ్లు తర్వాత కలిపేవాణ్ణి.

సియాటిల్ నుంచి
అదీ అసలు సంగతి. ఇప్పుడు ఆ పద్ధతి కుదరదు. 5 గాలన్ల బీరు రావాలంటే మాల్ట్ నుంచి వడకట్టిన తీపి రసం దాదాపు ఆరున్నర గాలన్లు మరగాలి, గంటలో ఒక గాలన్ దాకా ఆవిరైపోతుంది. పొంగడానికి చోటు కూడా కలుపుకుంటే 8 గాలన్ల గిన్నె తక్కువలో తక్కువ. చాలా కిచెన్ స్టవ్‌ల మీద అంత రసం మరిగేసరికి తెల్లారుతుంది, బయట గ్యాస్ బర్నర్ పెట్టాలి.

ఇంకో దారి కూడా ఉంది. 10 గాలన్ల గిన్నె ఒక్కటి కొని, గింజల్ని పెద్ద గుడ్డ సంచిలో వేసి అందులోనే నానబెట్టి, సంచి పైకి తీసి వార్చేయండి. మాష్ టన్నే అక్కర్లేదు, గరాజ్ గొడవ కూడా తీరిపోతుంది. కాకపోతే 10 పౌండ్లు తడిసి బరువెక్కుతాయి, ఎత్తేటప్పుడు నడుం జాగ్రత్త.

హైదరాబాద్ నుంచి
ఇదంతా మా ఫ్లాట్‌లో చేసుకోవచ్చా అన్నా?

డాలస్ నుంచి
వద్దు తమ్ముడూ. అక్కడ లైసెన్సు లేకుండా బీరు తయారు చేస్తే ఎక్సైజ్ చట్టం కింద నేరం. ఇక్కడ అమెరికాలో 1978లో వచ్చిన ఫెడరల్ చట్టం వల్ల ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్ల దాకా చేసుకోవచ్చు, అమ్మడానికి మాత్రం వీల్లేదు.

ప్రశ్న అడిగినవారు
థాంక్సండీ ఇద్దరికీ. ముందు సంచి, 10 గాలన్ల గిన్నె తెస్తున్నా. నచ్చితే సంక్రాంతికి కూలర్ సంగతి చూస్తా. గోధుమ మాల్ట్‌తో చేస్తే వడకట్టేటప్పుడు ముద్దకట్టి ఆగిపోతుందట, ఊక కలపమంటున్నారు. అది ఇండియన్ స్టోర్‌లో దొరుకుతుందా?

డాలస్ నుంచి
అక్కడెందుకుంటుంది? బ్రూయింగ్ సామాన్ల షాపులో రైస్ హల్స్ అని అడగండి. సంచి పద్ధతిలో దాని అవసరం పెద్దగా రాదు, కూలర్‌కి మారాక అర పౌండు కలిపితే చాలు. మా ఊరి మిల్లు వెనక గుట్టలుగా పోసి ఉండే ఊక, ఇక్కడ పౌండ్ల లెక్కన ప్యాకెట్లలో కొంటున్నానని నాన్నకి ఇంకా చెప్పలేదు.