అప్‌డేట్: పాత డెస్క్‌టాప్‌లో ఓపెన్‌వర్ట్, మొత్తానికి నెట్ వచ్చింది

పోయిన వారం అడిగాను కదా, భీమవరంలో మా ఇంట్లో మూలనపడ్డ డెస్క్‌టాప్‌లో ఓపెన్‌వర్ట్ (పీసీని రౌటర్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) వేస్తే వాన్ పోర్టుకి (మోడెమ్ వైపుది) ఐపీ (నెట్‌వర్క్ అడ్రస్) వస్తోంది, నెట్ మాత్రం రావట్లేదని. తేలింది. వాన్‌కి ఏ ఐపీ వచ్చిందో ముందు చూడమన్నవారిదే కరెక్ట్, వారికి థాంక్స్.

ఫైబర్ మోడెమ్ అడ్రస్ 192.168.1.1, ఓపెన్‌వర్ట్ మొదట్లో తన లాన్‌కి (ఇంట్లో పీసీల వైపు) పెట్టుకునేదీ అదే. దాంతో గేట్‌వే (నెట్‌కి దారి, ఇక్కడ మోడెమ్) ఎక్కడ అంటే పాపం అది తననే వెతుక్కుంటోంది! లాన్‌ని 192.168.2.1 చేశాను. మొదటిసారి మార్చగానే పీసీకి కొత్త ఐపీ రాలేదు, నేను కొత్త అడ్రస్‌లో పేజీ తెరిచేలోపు ఓపెన్‌వర్ట్ సెట్టింగ్‌ని తనే మళ్లీ పాతదానికి మార్చేసింది, అందుకని రెండోసారి, పేజీ తెరుచుకుందో లేదో చెక్ చేయకుండానే అప్లై చేసే ఆప్షన్ నొక్కి, పీసీకి కొత్త ఐపీ వచ్చేలా కేబుల్ పీకి పెట్టాను. అంతే.

డెస్క్‌టాప్‌లోని రియల్‌టెక్ నెట్‌వర్క్ కార్డుకీ దీనికీ సంబంధం లేదు, అనవసరంగా ఇంటెల్‌ది కొన్నాను. కేబుల్ కూడా బాగానే ఉంది. పోర్టులూ తారుమారు కాలేదు, మొదటి పోర్టు (ఈటీహెచ్0) లాన్, రెండోది (ఈటీహెచ్1) వాన్, అలాగే ఉంచాను.

కరెంటు పోతే మాత్రం ఇదీ పోతోంది, యూపీఎస్ చూడాలి.