గుత్తి కోట దావ మనమే బాగు చేసుకోవచ్చా? పర్మిషన్ ఎవుర్ని అడగాల?

గుత్తి_ఎండ:

అందరికీ నమస్తే. మాది గుత్తి, పని బెంగుళూరులో, నెలకి రెండు తూర్లు ఊరికి వస్తా. పోయిన ఆదివారం మా అక్క పిల్లోళ్లని తోలుకోని కోట ఎక్కినా, పైదాకా పోయి ఏడెనిమిదేండ్లు అయ్యుంటాది. చిన్నప్పుడు ఇస్కూలు ఎగ్గొట్టి పరిగెత్తుకుంటా ఎక్కిన దావ అది, ఇప్పుడు చూస్తే సగం దూరం రెండు పక్కలా సర్కారు తుమ్మ కంప మూసుకోని వచ్చేసింది, మొగానికి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకోని పోవాల. రాళ్లు పరిచిన చోట కింద మట్టి కొట్టుకపోయి కాలు పెడితే రాయి ఊగుతాంది. ఒక మలుపు కాడ జనానికి చుట్టూ తిరిగేదానికి బద్ధకమై అడ్డంగా ఎక్కి ఎక్కి కొత్త దావ పడింది, అది వానకి కోసుకపోయి చిన్న వంక మాదిరి అయిపోయింది. మా మేనల్లుడు ఆడ్నే జారి మోకాలు దోక్కున్న్యాడు. పైన, ఈ కోటని ఏలిన మరాఠా సర్దారు మురారిరావు కూర్చునేవాడని చెప్పే మండపం కాడ సీసాలు, ప్లేట్లు, ఇంగ చెప్పేదేముంది.

నాతో పాటు ఆరేడు మంది ఫ్రెండ్స్ ఉండారు, కొడవళ్లు గడ్డపారలు మా ఇండ్లల్లోనే ఉండాయి. నెలకొక ఆదివారం పొద్దున్నే పోయి కంప కొట్టి, ఊగే రాళ్లు సర్ది, ఆ అడ్డదావ మూసి, చెత్త దించుదామని అనుకుంటాండాం. బెంగుళూరు ట్రెక్కింగ్ గ్రూపులోళ్లు ఇట్లాంటివి చేస్తాంటారు గానీ మన పక్క ఎవురన్నా చేసినారా? పర్మిషన్ కావాల్నా, లేకపోతే ఎవురికీ చెప్పకుండా చేసేస్తే పోతాదా? ఊర్లో అడిగితే ఒకరు ఫారెస్టోళ్లు అంటారు ఒకరు మున్సిపాలిటీ అంటారు, ఒకాయన అయితే నీకేం పనీ పాటా లేదా అన్న్యాడు.

నల్లమల_నడక (ఆత్మకూరు):

తమ్ముడూ ముందు ఆ గడ్డపార ఇంట్లోనే పెట్టు. గుత్తి కోట ఫారెస్టోళ్లదీ కాదు మున్సిపాలిటీదీ కాదు, ఏఎస్ఐ అంటే కేంద్ర పురావస్తు శాఖ కింద ఉండే రక్షిత కట్టడం. పాత కట్టడాల్ని కాపాడే 1958 చట్టం వర్తిస్తుంది, మంచికోసమే అని నువ్వు రాయి కదిలించినా అది తప్పు కిందికే వస్తుంది, ఊగే రాయిని సర్దడం కూడా వాళ్ల పనే, నీదీ నాదీ కాదు. 2010లో చట్టం మార్చినాక చుట్టూ 100 మీటర్లలో కొత్తగా ఏమీ కట్టేదానికి లేదు, ఆపైన ఇంకో 200 మీటర్లలో పర్మిషన్ ఉంటేనే. నువ్వు కట్టేదేం లేదు కాబట్టి అది నీకు అడ్డం రాదు, కానీ ఎవడో ఒకడు వచ్చి సిమెంటు మెట్లు పోద్దాం అంటాడు చూడు, వానికి చెప్పేదానికి పనికొస్తుంది.

ఏం చేయాలంటే, కోట కాడ ఉండే స్టాఫ్‌తో ముందు మాట్లాడు, వాళ్లే మీ పక్క చూసే కన్జర్వేషన్ అసిస్టెంట్ ఎవరో చెప్తారు. ఆయనకి ఒక లెటర్, ఇంకో కాపీ అమరావతి సర్కిల్ సూపరింటెండింగ్ ఆర్కియాలజిస్ట్‌కి. లెటర్‌లో పెద్ద పెద్ద మాటలు రాయొద్దు. ఫలానా తేదీ, ఇంతమంది, చెత్త ఎత్తుతాం, దారి మీదికి వంగిన కంప కొడతాం, రాయి ముట్టుకోం, మంట పెట్టం, అంతే. ఆ చివరి రెండూ కచ్చితంగా రాయి, చదివేవాళ్లకి భయం ఉండేది అక్కడే. నవంబర్ 19 నుంచి 25 దాకా వరల్డ్ హెరిటేజ్ వీక్, చాలాచోట్ల వాళ్లే పిల్లల్ని పిలిచి క్లీనింగ్ చేయిస్తారు, మొదటిసారి ఆ వారంలో అడిగితే కాదనేదానికి కారణం దొరకదు.

మన పక్క ఎవరన్నా చేశారా అని అడిగినావు కదా. చేశారు, దానికి పేరు పెట్టుకోలేదంతే. మా ఆత్మకూరు పక్క వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం పోయే కాలిదారి ఉంది, శివరాత్రికి మనవాళ్లు, ఉగాదికి కర్ణాటక వాళ్లు వేలమంది నడుస్తారు. మా నాయన వయసులో ఉన్నప్పుడు శివరాత్రికి పదిరోజుల ముందే ఊర్లోంచి పది పన్నెండు మంది పోయి పడిన చెట్లు లాగేసి, ముండ్లు ఏరి, దొర్లిన రాళ్లు పక్కకి నెట్టి వచ్చేవాళ్లంట, కూలీ లేదు నాలీ లేదు, మూటలో బొరుగులు బెల్లం. ఆ దారిలో మెట్లు రెడ్డిరాజుల కాలంవి, ప్రోలయ వేమారెడ్డి వేయించినాడంటారు, అంటే 14వ శతాబ్దం, ఇప్పటికీ వాటి మీదే నడుస్తున్నాం. ఇప్పుడు అది టైగర్ రిజర్వు కాబట్టి ఇష్టం వచ్చినప్పుడు పోయేదానికి లేదు, మేం నడక సీజన్ అయిపోయినాక ఫారెస్ట్ స్టాఫ్‌తో కలిసి నీళ్ల ప్యాకెట్లు, చిరిగిన చెప్పులు ఏరుతాం. చెప్పులు ఎన్ని దొరుకుతాయో నువ్వు నమ్మవు. ఒకసారి చెప్పకుండా బ్యాగులో మచ్చుకత్తి పెట్టుకోని పోయినా, ఒక చెక్‌పోస్టులో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టినారు, తప్పు నాదే.

పెన్నా_వర్జీనియా:

నేను కడప అమ్మాయినే, వర్జీనియాలో ఉంటున్నా. ఇక్కడ అప్పలాచియన్ ట్రయిల్ అని ఒక నడక దారి ఉంది, 14 రాష్ట్రాల్లో దాదాపు 3,500 కిలోమీటర్లు, 1937లో పూర్తయింది, అప్పటి నుంచి ఊరికొక క్లబ్బు పెట్టుకుని వాలంటీర్లే ముక్కలు ముక్కలుగా పంచుకుని చూసుకుంటారు. నేను రెండేళ్లుగా నెలకొక శనివారం పోతున్నా. మొదటి రోజు పోయినప్పుడు కొమ్మలు కొట్టిస్తారు అనుకున్నా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేయించింది ఆకులు నిండిపోయిన కాలువలు తోడించడమే. దారిని చెడగొట్టేది కంప కాదండీ, నీళ్లు. కంప ఒక్క పూటలో కొట్టేయొచ్చు, నీళ్లు ఒకసారి దారినే కాలువగా ఎంచుకుంటే ఇంక ప్రతి వానకీ ఇంత లోతు పోతుంది.

మీ మలుపు కాడ వంక పడింది అన్నారు కదా, అక్కడ చేసేది రెండు పనులు. ఒకటి, నీళ్లు దారిలోకి ఎక్కడ దిగుతున్నాయో పైన చూడాలి, కింద ఎంత పూడ్చినా దండగే. ఇక్కడైతే దారికి అడ్డంగా, నేరుగా కాదు ఏటవాలుగా, రాళ్లో దుంగో సగానికి పైగా భూమిలో దిగేట్టు పాతుతాం, నీళ్లు దానికి తగిలి పక్కకి జారిపోతాయి, ఆ పక్కన పోయే చోటు తెరిచి ఉంచకపోతే అది చెరువే. రెండోది, అడ్డదారి మూయడం. బోర్డు పెడితే ఎవరూ చదవరు, మీరు కొట్టిన కంపే దానికి రెండు చివర్లా అడ్డం వేయండి, మా తాత చేనుకి గొర్రెలు రాకుండా వేసినట్టు. పై చివర తప్పకుండా వేయాలి, దిగేవాళ్లే ఎక్కువ అడ్డం పడతారు.

ఒక మాట, వాన పడేటప్పుడు ఒక్కసారి గొడుగు వేసుకుని పోయి నిలబడి చూడండి, పది ఆదివారాల పని ఆ అరగంటలో తెలుస్తుంది.

నల్లమల_నడక:

చెల్లెమ్మ చెప్పింది నిజమే గానీ అక్కడ మట్టి అడవి, గుత్తిది గుండు రాయి. దుంగలు పాతేదానికి మట్టి ఉండాలి కదా, పైగా తవ్వితే ఏఎస్ఐ వాళ్లు ఊరుకోరు. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడేది, ఇంత తక్కువ వానకి కాలువలు దేనికి అనిపిస్తుంది, కానీ పడేటప్పుడు ఒక్కరోజులో బోరున పడుతుంది, బండ మీద పీల్చుకునే మట్టి లేదు కాబట్టి మొత్తం కిందికే. కాబట్టి పై నుంచి చూడమన్న మాట మాత్రం వంద శాతం.

సీమ_బుల్లెట్:

ఇంత రామాయణం దేనికప్పా, లీడర్లకి చెప్పి కింద నుంచి పైదాకా సిమెంటు మెట్లు, రెయిలింగు, మధ్యలో ఒక కూల్‌డ్రింక్ షాపు పెట్టిస్తే టూరిజమూ పెరుగుతాది దావా బాగుంటాది.

నల్లమల_నడక:

చెప్పినా కదా ఎవడో ఒకడు వస్తాడని :)

కలివికోడి_కడప:

నేను బర్డింగ్ చేస్తా, సిద్ధవటం బద్వేలు పక్క ఎక్కువ తిరుగుతాంటా, అందుకే కంప కొట్టే మాట వినపడితే గుండె దడదడ అంటాది. మా లంకమల కొండల పక్కుండే కలివికోడి అనే పక్షి, దాని గురించి 1848లో మొదట రాసినారు, 1900 తర్వాత ఎవురికీ కనపడక అంతరించిపోయింది అనుకున్న్యారు, 1986లో మళ్లీ దొరికింది, అది బతికేది మనం పనికిరాని కంప చెట్లు అనుకునే నేలలోనే. మీ గుత్తిలో కలివికోడి లేదు నాకు తెలుసు, చెప్పేది ఏందంటే ముల్లు ఉండే ప్రతి చెట్టూ చెత్త కాదు. రేగి, బలుసు, కలివి ఇవి మన నేల చెట్లు, దావ మీదికి వచ్చిన కొమ్మ వరకు కొట్టి వదిలేయండి. సర్కారు తుమ్మ బయటిది, దాన్ని కొట్టొచ్చు, కాకపోతే పైన కొడితే ఒక కొమ్మకి నాలుగు లేస్తాయి, వచ్చే ఏడాదికి ఇంకా గుబురు. మొదలు తవ్వి కిందికి కొడితేనే చస్తాది, మీకాడ తవ్వేదానికి పర్మిషన్ లేదు కాబట్టి ఏడాదికి రెండు తూర్లు కొమ్మ కొట్టుకుంటా ఉండాల్సిందే, వేరే దారి లేదు. ముల్లు చెప్పులోంచి దిగబడుతుంది, గట్టి అడుగు ఉండే బూట్లు వేసుకోండి. వయ్యారిభామ ఉంటే పూత రాకముందే పీకండి, చేతికి గ్లోవ్స్ లేకుండా ముట్టుకుంటే దురద పట్టుకుంటాది.

రాళ్ల కింద చెయ్యి పెట్టొద్దు, తేళ్లు, చిన్న పింజర్లు ఉంటాయి. బండల కింద కొండ తేనెపట్లు ఉంటే పొగ, సెంటు, కేకలు మూడూ వద్దు. మా పక్కన ఎవురైనా ఇది చూసి శేషాచలం, పాలకొండల్లో చేద్దాం అనుకుంటే మాత్రం కొడవలి బ్యాగులో పెట్టుకోని అస్సలు పోవద్దండయ్యా, ఎర్రచందనం కేసుల మధ్య నువ్వు దావ బాగు చేసేదానికి వచ్చినావంటే ఎవురు నమ్ముతారు, లెటర్ చేతిలో ఉండాల, పక్కన ఫారెస్ట్ మనిషి ఉండాల.

గుత్తి_ఎండ:

అన్నలకి అక్కకి చానా థ్యాంక్స్, మూడు వారాలు లేటుగా రాస్తాండా. లెటర్ ఇచ్చినా, రాయి ముట్టుకోం మంట పెట్టం అని లైన్ కూడా రాసినా, తీసుకున్నాయన ఆ లైన్ రెండు తూర్లు చదివి నవ్వినాడు, పైకి పంపిస్తా అన్న్యాడు, జవాబు ఇంకా రాలేదు. చెత్త ఎత్తుకుంటే అభ్యంతరం లేదు అన్న్యాడు, దానికి నోటి మాట చాలంట.

పోయిన శనివారం మబ్బు పట్టింది, అక్క చెప్పింది గుర్తొచ్చి గొడుగు ఒకటి, గోనె సంచి ఒకటి తీసుకోని ఒక్కన్నే ఎక్కినా, మా అమ్మ తిట్టింది అనుకోండి. ఇరవై నిమిషాలు దంచి కొట్టింది. ఆ మలుపుకి పైన నలభై యాభై అడుగుల కాడ బండలో ఒక పక్కగా కాలవ మాదిరి చెక్కినట్లు ఉండాది, ఇన్నేండ్లు తిరిగినా ఎప్పుడూ సూడలేదు, నీళ్లు దాంట్లో రావాల్సింది దావలోకి దిగుతాండాయి. కారణం ఏందంటే థర్మాకోల్ ప్లేట్లు, చిప్స్ కవర్లు, వాటి మీద ఆకులు, అంతా కలిసి బిరడా కొట్టినట్టు అడ్డం పడినాయి. చేత్తో లాగేసినా, రెండు నిమిషాల పని. నీళ్లు టక్కున పాత దావన తిరిగి పక్కకి పోయినాయి, మలుపు కాడ పారేది సగానికి తగ్గింది నా కండ్ల ముందరే. ఈ కోట 1776లో లోపల నీళ్లు అయిపోయే హైదర్ అలీ చేతికి పోయిందంట, అంత కరువు చూసినోళ్లు పడిన ప్రతి చుక్కా యాడికి పోవాల్నో లెక్క పెట్టుకోని చెక్కింటారు, మనం పోయి బిర్యానీ ప్లేటు అడ్డం పెట్టినాం.

గోనె సంచి ఒక్కటి చాల్లేదు, నిండిపోయింది. వచ్చే ఆదివారం పొద్దున అయిదున్నరకి బస్టాండు కాడ కలుస్తాం, తొమ్మిదికంతా దిగేస్తాం ఎండ ముదరకముందే. కొడవళ్లు తేవద్దు, సంచులు తెండి, పాత యూరియా సంచులైనా పర్లేదు. సీమ_బుల్లెట్ అన్నా నువ్వు కూడా రా, కూల్‌డ్రింక్ నేను ఇప్పిస్తా, సీసా మాత్రం నువ్వే దించాల.