అంబులెన్సులో ఇరవై నెలల పాపను ఎలా భద్రంగా పడుకోబెట్టాలి?

ప్రశ్న: హనుమకొండ నుంచి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. మా పాపకు ఇరవై నెలలు, బరువు 10 కిలోలు. పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉండడం వల్ల తరచూ నెమ్ము చేస్తుంది. గత నెలలో ఆయాసం ఎక్కువైనప్పుడు ఇక్కడి వైద్యులు హైదరాబాదుకు పంపగా, ఆక్సిజన్ పెట్టించి ఒక ప్రైవేటు అంబులెన్సులో తీసుకువెళ్ళాము. నా భార్య పక్క బెంచీ మీద కూర్చుని పాపను ఒళ్ళో పట్టుకున్నది. స్ట్రెచర్ ఖాళీగానే ఉన్నది. ఆలేరు దాటిన తరువాత ఒక ఆటో అడ్డం రావడంతో డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. పాప ఆమె చేతుల్లోంచి జారిపోయి, ముందున్న మందుల అర అంచుకు నుదురు కొట్టుకున్నది. దెబ్బ పైపైనే తగిలింది. అయినా అప్పటి నుంచి నా భార్య తన చేతులను తాను నమ్మలేకపోతున్నది.

వచ్చే వారం శస్త్రచికిత్స కోసం మళ్ళీ అదే దారిలో, ఆక్సిజన్‌తోనే తీసుకువెళ్ళాలి. పాపను ఒళ్ళో కాక మరెలా ఉంచాలో, అంబులెన్సు మాట్లాడుకునేటప్పుడు ఏమి అడగాలో తెలిసినవారు దయచేసి చెప్పండి. ఐదేళ్ళ పెద్దబాబును వదిలి రావడానికి ఇంట్లో ఎవరూ లేరు. వాణ్ణి కూడా అదే బండిలో తీసుకురావచ్చునా?

జవాబు 1: 108లో పదకొండేళ్ళుగా పనిచేస్తున్న ఈఎంటీ (అంబులెన్సులో రోగిని చూసుకునే అత్యవసర వైద్య సహాయకుడు)

అన్నగారూ, ముందుగా వదినగారితో ఒక మాట చెప్పండి, ఆమె పట్టు సడలడం వల్ల పాప జారలేదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకుంటే, 10 కిలోల పిల్లను ఆపడానికి దాదాపు 140 కిలోల బరువును ఆపినంత బలం కావాలి. అంత బలం ఏ తల్లి చేతుల్లోనూ ఉండదు. పైగా తల్లి కూడా బెల్టు పెట్టుకోకపోతే ఆమె బరువంతా వెళ్ళి పిల్ల మీదనే పడుతుంది.

పాప ఉండవలసిన చోటు స్ట్రెచరే. అయితే అక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉన్నది. స్ట్రెచర్ మీద రోగి తల పైలట్ (డ్రైవరు) వైపు, కాళ్ళు వెనుక తలుపు వైపు ఉంటాయి కనుక, బ్రేకు పడినప్పుడు శరీరం తల వైపుకే జారుతుంది. ఛాతీకి, నడుముకు, మోకాళ్ళకు అడ్డంగా వేసే మూడు పట్టీలు ఈ జారుడును సరిగా ఆపలేవు. చిన్నపిల్లలైతే వాటి కిందనుంచే జారిపోతారు. అందుకే రెండు భుజాల మీదుగా వచ్చే పట్టీలు తప్పనిసరి. పరిస్థితిని బట్టి వైద్యులు ఒప్పుకుంటే స్ట్రెచర్ తలభాగాన్ని పైకి లేపించండి. అప్పుడు పాప వెనుక తలుపు వైపు చూస్తూ ఆనుకుని కూర్చున్నట్టు ఉంటుంది. బ్రేకు పడినా ఆ ఊపు మెడ మీద కాక వీపంతటా పడుతుంది, ఆయాసం ఉన్న పిల్లకు ఊపిరి తీసుకోవడం కూడా కొంత తేలికవుతుంది.

పట్టీ నేరుగా ఒంటి మీద బట్టలకు ఆనుకుని ఉండాలి, దుప్పటి దాని పైన కప్పాలి. మందపాటి దుప్పటి మీదుగా బిగించిన పట్టీ చూడడానికి గట్టిగానే కనబడుతుంది, ఊపు వచ్చినప్పుడు మాత్రం దుప్పటి అణిగి వదులైపోతుంది. పట్టీలు మెడ మీదికి, పొట్ట మీదికి రాకూడదు. ఇరుపక్కల మిగిలే ఖాళీలో చుట్టిన తువ్వాళ్ళు పెట్టండి. ఆక్సిజన్ సిలిండరును గోడకున్న బిగింపులో కట్టారో లేదో బయలుదేరే ముందే చేత్తో కదిపి చూడండి. కట్టని సిలిండరు దొర్లడం నేను ఒకసారి చూశాను, ఆ రోజు నుంచి దాన్ని కదిపి చూడకుండా బండి కదలనివ్వలేదు.

జవాబు 2: ఖమ్మం నుంచి ఒక అమ్మమ్మ

నాయనా, నలుగురు మనవల్ని పెంచినదాన్ని కనుక అడుగుతున్నాను. జబ్బుతో ఉన్న పసిబిడ్డను తల్లి ఒడిలోంచి తీసి కట్టేస్తే ఏడ్చి ఏడ్చి ఆయాసం ఇంకా పెరగదా? గుండె జబ్బున్న పిల్ల అంతగా ఏడవవచ్చునా?

జవాబు 3: పిల్లల వైద్యురాలు, విజయవాడ

అమ్మగారూ, మీ అనుమానం సరైనదే. గుండె జబ్బున్న పిల్లలు విపరీతంగా ఏడవకుండా చూసుకోవాలి. అయితే దానికి ఒడే మార్గమని అనుకోనక్కరలేదు. తల్లి బెల్టు పెట్టుకుని పాపకు కనబడే చోట కూర్చుని, చేయి చాచి పాప చేతిని పట్టుకుని మాట్లాడుతూ ఉంటే చాలామంది పిల్లలు కొద్దిసేపటికే కుదుటపడతారు. పాప రోజూ పట్టుకుని పడుకునే గుడ్డో బొమ్మో ఉంటే తీసుకువెళ్ళండి. పట్టీలను బయలుదేరే సమయానికి హడావుడిగా కాక, పది నిమిషాలు ముందుగా, బండి ఆగి ఉండగా వేస్తే బెదురు తగ్గుతుంది. దారిలో పాలు పట్టవలసి వస్తే బండిని పక్కకు ఆపించండి. ఛాతీ పట్టీ బిగించిన తరువాత పాప ఊపిరి తీసుకుంటున్న తీరును ఈఎంటీ మరొకసారి గమనించాలి.

పుట్టి కొద్దిరోజులే అయిన బిడ్డల సంగతి వేరు. వారికి చలి కూడా ప్రమాదమే కనుక, ఇంక్యుబేటరు దొరకనప్పుడు తల్లి ఛాతీకి చర్మం తగిలేలా బిడ్డను గుడ్డతో కట్టి, తల్లిని స్ట్రెచర్ మీద ఏటవాలుగా పడుకోబెట్టి పంపుతాము. అది వెచ్చదనం కోసం చేసే ఏర్పాటు, దెబ్బ నుంచి కాపాడే ఏర్పాటు కాదు. తల్లికి వేసే పట్టీలు అప్పుడు కూడా బిడ్డ మీదుగా పోకూడదు. ఇరవై నెలల పాపకు ఆ పద్ధతి వర్తించదు.

మీ ప్రయాణం ముందే నిర్ణయమైనది కనుక వేగం అక్కరలేదు. సైరన్ వేసుకుని పరుగెత్తవద్దని డ్రైవరుకు స్పష్టంగా చెప్పండి.

జవాబు 4: డాలస్‌లో పిల్లల వార్డు నర్సు, స్వస్థలం నల్గొండ

పెద్దబాబు గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. ఇక్కడి అమెరికా రహదారి భద్రతా సంస్థ 2012లో పిల్లలను అంబులెన్సులో తరలించడంపై సిఫారసులు ప్రచురించింది. వాటిలో మొట్టమొదటి సందర్భం రోగి కాని పిల్లవాడిదే. జబ్బు లేని పిల్లవాణ్ణి వీలైనంతవరకు వేరే బండిలోనే తీసుకువెళ్ళాలని అందులో ఉన్నది. మీరు బాబుతో కలిసి కారులో వెనుక రండి. బాబును వెనుక సీట్లో, వాడి వయసుకు తగిన పిల్లల సీటులో కూర్చోబెట్టండి. మన దేశంలోనూ మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 194బి సెక్షన్ ప్రకారం, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా ఉన్నది.

భుజాల పట్టీలున్న స్ట్రెచర్ ఎక్కడా దొరకకపోతే, కారులో వాడే పిల్లల సీటునే స్ట్రెచర్ మీద కట్టే పద్ధతి ఒకటి ఉన్నది. అయితే దానికి ముందువైపుకు, వెనుకవైపుకు రెండు రకాలుగానూ అమర్చగలిగే సీటే కావాలి. దానికి బెల్టు పోయే దారులు రెండు ఉంటాయి కనుక, ఒక్కో దారిలో ఒక్కో పట్టీ వేసి స్ట్రెచర్‌కు రెండు చోట్ల బిగించవచ్చును. చేతితో మోసుకుపోయే పసిబిడ్డల బుట్ట సీటు ఇందుకు పనికిరాదు. ఏ సీటునైనా పక్క బెంచీ మీద మాత్రం పెట్టకండి. బెంచీ బండికి అడ్డంగా ఉంటుంది, పిల్లల సీట్లను అలా పక్కకు తిరిగి కూర్చోవడానికి తయారుచేయలేదు.

ప్రశ్న అడిగిన తండ్రి

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివిన తరువాత ఈ రోజు మూడు చోట్లకు ఫోన్ చేసి, స్ట్రెచర్‌కు భుజాల పట్టీలు ఉన్నాయా అని అడిగాను. మొదటివారు పట్టీలెందుకు, తల్లి పట్టుకుంటుంది కదా అన్నారు. రెండోవారి దగ్గర అడ్డపట్టీలు రెండే ఉన్నాయి. మూడోవారు స్ట్రెచర్ ఫోటో పంపారు, అందులో భుజాల పట్టీలు స్పష్టంగా కనబడుతున్నాయి. వారి అద్దె కొంచెం ఎక్కువే అయినా వారినే ఒప్పుకున్నాను. మా తమ్ముడు కారు తెస్తానన్నాడు, పెద్దబాబు నాతో అందులో వస్తాడు. రేపు సాయంత్రం నా భార్యను వెంటబెట్టుకుని వెళ్ళి ఆ బండిని ఒకసారి చూసి, తలభాగం ఎంతవరకు లేస్తుందో, ఆమె బెల్టు పెట్టుకుని కూర్చుంటే పాప చేయి అందుతుందో లేదో చూసుకుంటాము. ఈఎంటీ తమ్ముడూ, మీరు చెప్పిన మొదటి మాటను ఆమెకు చదివి వినిపించాను.